ఉప్పు తగలని కారు

డిసెంబర్‌లో మొదటి మంచు కురిసిన మర్నాడు పొద్దున్నే, లేక్ హయావాథా అనే ఊళ్ళోని ఒక అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో శశికాంత్ మోకాళ్ళ మీద కూర్చుని, తనను వదిలి వచ్చేసిన భార్య కారుకి అడుగున నీళ్ళు కొడుతున్నాడు. తోటలో మొక్కలకి మందు కొట్టే పంపు ఒకటి తెచ్చుకున్నాడు. అందులో గోరువెచ్చటి నీళ్ళు పోసి, చక్రాల లోపలి అంచులకీ తలుపుల కింది పట్టీలకీ కొట్టి, మెత్తటి తువ్వాలుతో తుడిచి, మళ్ళీ కొడుతున్నాడు. రెండో అంతస్తు కిటికీ దగ్గర నిలబడి త్రివేణి కాఫీ తాగుతోంది. కాఫీ అయ్యేదాకా చూసి, కప్పు కడిగి బోర్లించి, లైబ్రరీలో పనికి వెళ్ళడానికి తయారవడం మొదలుపెట్టింది.

చుట్టూ సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్లు తమ తమ అద్దాల మీది మంచు గీక్కుంటున్నారు. పక్క బ్లాకులో ఉండే దివాకర్ చేతులు నోటి దగ్గర పెట్టుకుని వెచ్చచేసుకుంటూ, “అన్నా, గది అయినంక మా బండి గూడ జర చూడరాదే,” అన్నాడు. నలుగురు నవ్వారు. శశికాంత్ తలెత్తలేదు. అతను యాభైకి దగ్గరపడిన మనిషి, పార్సిప్పనీలో పెద్ద ఆఫీసులో ఆర్కిటెక్ట్. అక్కడ అతని ముందు ఇలాంటి హాస్యం ఎవరూ ఆడరు.

త్రివేణి దిగివచ్చేసరికి అతను లేచి నిలబడ్డాడు. ప్యాంటు మోకాళ్ళ దగ్గర తడిసి అప్పుడే గడ్డకడుతోంది.

“ఇవాళ లీవ్ పెట్టు త్రివేణీ. రోడ్లన్నీ ఉప్పే, అడుగు తుప్పు పట్టేస్తుంది. ఎల్లుండి వాన ఉంది, అంతా కొట్టుకుపోతుంది. అప్పటిదాకా ఊబర్ నేను బుక్ చేస్తా.”

“జరగండి శశికాంత్ గారూ. టైమవుతోంది,” అందామె.

ఇరవై ఏళ్ళు అతన్ని ‘ఏవండీ’ అని పిలిచింది. ఇల్లు వదిలిన రోజునుంచి పేరుకి ‘గారు’ తగిలించి, కొత్తగా పరిచయమైన మనిషిని పిలిచినట్టు పిలుస్తోంది. చోక్ లాగి, స్టార్ట్ చేసి, ఇంజిన్ కాస్త కుదురుకునేదాకా ఆగి, మొదటి గేరు వేసింది. గేర్ల బండి ఆమె విజయవాడలో పెళ్ళికి ముందే నేర్చుకుంది. మంచు కరగడానికి పార్కింగ్ నోటి దగ్గర చల్లిన ఉప్పు రాళ్ళు టైర్ల కింద పటపటమన్నాయి. ఆ చప్పుడుకి శశికాంత్ కళ్ళు మూసుకున్నాడు.

ఆ కారు పందొమ్మిది వందల డెబ్బై రెండు నాటి ట్రయంఫ్. రెండే సీట్లు, ముదురు ఆకుపచ్చ రంగు, పైన మడిచిపెట్టుకునే గుడ్డ టాప్. శశికాంత్ ఆరేళ్ళ కిందట కొన్నాడు. కొన్నది అతనే అయినా, కాగితాల మీద అది త్రివేణిది. దానికి కారణం గుంటూరులో ఉన్న వాళ్ళ ఇంటి జ్యోతిష్యుడు. బేరం కుదిరిన రోజున ఆయన వీడియో కాల్‌లో అతని జాతకం ముందు పెట్టుకుని, చతుర్థంలో శని కూర్చున్నాడు నాయనా, వాహన స్థానం పాడైంది, నీ పేరున కొంటే నువ్వైనా ఉండాలి అదైనా ఉండాలి అన్నాడు. అమ్మాయి జాతకంలో వాహన యోగం దివ్యంగా ఉంది, ఆవిడ పేరున పెట్టమన్నాడు. ఆఫీసులో ఎవరేం చెప్పినా డేటా చూపించమనే మనిషి, ఈ మాటకి మారు మాట్లాడకుండా రిజిస్ట్రేషన్ భార్య పేరున చేయించాడు. అతను వేలు పెట్టి చూపించిన చోటల్లా ఆమె సంతకం చేసింది. “పేరు నీది, కారు నాది,” అని ఆమె భుజం తట్టాడు. ఆ రోజు సరదాగానే అనిపించింది.

ఆ తర్వాత గరాజ్ పూజగదిలా మారింది. హీటర్ పెట్టించాడు. గాలిలో తేమ పీల్చే యంత్రం ఒకటి, బ్యాటరీ దిగకుండా చార్జర్ ఒకటి, బూడిదరంగు మెత్తటి కవరు ఒకటి. నవంబరు ఆఖరున కారు లోపలికి వెళ్తే, ఏప్రిల్‌లో రెండు మంచి వానలు పడి రోడ్ల మీది ఉప్పంతా కడుక్కుపోయాకే బయటికి వచ్చేది. వేసవిలో ఆదివారాలు ఎవరినైనా ఎక్కించుకుంటే చెప్పులు విడిచి ఎక్కమనేవాడు. స్నేహితులు నవ్వుకుంటూనే విడిచేవాళ్ళు. వాకిట్లో చెప్పుల జతలు వరసగా ఉండేవి, వాళ్ళు వట్టికాళ్ళతో కూర్చుని ఫొటోలు దిగేవాళ్ళు. గరాజ్‌లో రెండో కారుకి చోటుంది కానీ, ఆ చోట ట్రయంఫ్‌కి ఎప్పుడైనా పనికొస్తాయని తెప్పించిన విడిభాగాల పెట్టెలుండేవి. త్రివేణి పాత సెడాన్ చలికాలమంతా బయటే. దాని మీది మంచు ఆమే గీక్కునేది. అతను ఆఫీసుకి వెళ్తూ కిటికీ దించి, వైపర్లు పైకి లేపి పెట్టుకుంటే అంటుకోవు కదా అని సలహా చెప్పేవాడు.

మూడో ఏడు ఫిబ్రవరిలో ఒక ఉదయం త్రివేణికి కడుపులో నొప్పి వచ్చింది. మధ్యాహ్నానికి నిలబడలేకపోయింది. శశికాంత్ రోజూ నడిపే కారు సర్వీసింగ్‌లో ఉంది. ఆమె సెడాన్ చలికి బ్యాటరీ చచ్చి వాకిట్లో పడి ఉంది. ట్రయంఫ్ మాత్రం వెచ్చటి గరాజ్‌లో, నిండు బ్యాటరీతో, తాళం తిప్పితే కదిలేలా ఉంది. అప్పుడే వీధిలో ఉప్పు చల్లే లారీ పోయింది. అంబులెన్స్ అంత అవసరమా అన్నాడు శశికాంత్. ఫోన్‌లో టాక్సీ పిలిచాడు. మంచులో అది రావడానికి చాలాసేపు పట్టింది. డాక్టర్లు కడుపు తెరిచేసరికి అపెండిక్స్ అప్పటికే పగిలిపోయి ఉంది. చీము కడుపంతా పాకి, ఆమె చాలా రోజులు ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చింది.

ఇంతవరకూ అయితే త్రివేణి ఓర్చుకునేదేమో. మనిషికి ఒక్కో వేళ బుద్ధి పనిచేయదు అనుకునేది. కానీ అతను దాన్ని కథ చేశాడు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, కారు మాట రాగానే, నా డిసిప్లిన్ గురించి చెప్తా వినండి అని మొదలుపెట్టేవాడు. ఆవిడ అక్కడ మెలికలు తిరిగిపోతోందండీ, నేను మాత్రం కారు తియ్యలేదు. చివర్న ఒక మాట ఉండేది. “అపెండిక్స్‌దేముంది, ఉన్నా లేనట్టే. దీనికి ఒక్క బోల్టు పోతే ఇంగ్లండ్ నుంచి రావాలి.” ఆ మాట దగ్గర అందరూ నవ్వేవాళ్ళు. అతను బాగా చెప్పేవాడు కూడా. ఎక్కడ ఆగాలో తెలుసు.

కిందటి దీపావళికి మోహన్ వాళ్ళింట్లో అతను మళ్ళీ ఆ కథ చెప్పాడు. మోహన్ శశికాంత్‌కి కాలేజీ నాటి స్నేహితుడు. ఆ రోజు కొత్తగా పెళ్ళై వచ్చిన మనీషా అనే అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతూ, నవ్వొచ్చో లేదో చూసుకోవడానికి త్రివేణి వైపు చూసింది. త్రివేణి నవ్వుతోంది. తను నవ్వుతున్న సంగతి త్రివేణికి ఆ అమ్మాయి చూపులోనే తెలిసింది. ఆ నెలలోనే ఆమె ఇల్లు వదిలింది. సెడాన్ అప్పటికే పనికిరాకుండా పోయింది. శశికాంత్ ఆఫీసుకి వెళ్ళాక, పూజగదిలో వినాయకుడి ముందు పెట్టి ఉండే తాళం తీసుకుని, కవరు లాగి మడిచి పక్కన పెట్టి, ట్రయంఫ్‌లోనే వెళ్ళిపోయింది.

సాయంత్రం అతని ఫోన్ వచ్చింది. “కారెక్కడుంది?” అన్నాడు.

“ఇక్కడే ఉంది. కింద.”

“కింద అంటే? బేస్‌మెంట్ పార్కింగా?”

“కాదండీ. ఆకాశం కింద.”

ఆమె ఎక్కడుందో, ఎందుకెళ్ళిందో అతను మర్నాడు అడిగాడు.

లాయర్ల దగ్గరికి వెళ్ళాక శశికాంత్‌కి జ్యోతిష్యుడి సలహా అసలు ఖరీదు అర్థమైంది. ఆస్తి పంపకం తేలేసరికి వసంతం వస్తుంది. అప్పటిదాకా కారు ఎవరి పేరున ఉందో వాళ్ళ దగ్గరే ఉంటుంది. పాత కార్లకి ఇచ్చే ఇన్సూరెన్స్ రోజూ నడపడానికి ఒప్పుకోదు కాబట్టి, త్రివేణి దాన్ని మార్పించి మామూలు ఇన్సూరెన్స్ తీసుకుంది. ఈ సంగతి లాయర్ ఉత్తరంలో చదివినప్పుడే అతనికి మొదటిసారి నిజంగా భయం వేసింది. ఈ చలికాలం కారు బయటే ఉంటుంది. ఉప్పులో నడుస్తుంది. ఆపే మార్గం లేదు.

కోపం చూపించాడు. పనిచేయలేదు. బతిమాలాడు. కొత్త ఎస్‌యూవీ తెచ్చి పార్కింగ్‌లో పెట్టి తాళం ఆమె తలుపు కింద నుంచి తోశాడు. తాళం అదే దారిన బయటికి వచ్చింది. దగ్గర్లో వెచ్చటి గరాజ్ అద్దెకి తీసుకుని, రాత్రిళ్ళైనా అందులో పెట్టమన్నాడు. అక్కణ్ణించి ఇంటికి నడవాలి, చలి కదండీ అందామె. చివరికి అతనికి మిగిలింది ఆ మందు కొట్టే పంపే. మంచు పడినప్పుడల్లా చీకటితో వచ్చి, టాప్ మీది మంచు మెత్తటి చీపురుతో దులిపి, అద్దాలు తుడిచి, అడుగు కడిగేవాడు. మొదట్లో ఇంట్లో నీళ్ళు కాచి తెచ్చేవాడు. దారిలో చల్లారిపోతున్నాయని చెబితే, త్రివేణి బకెట్‌తో వేణ్ణీళ్ళు మెట్ల దగ్గర పెట్టడం మొదలుపెట్టింది. లోపలికి రమ్మనలేదు. ఒక రోజు బకెట్ పక్కన కాఫీ కప్పు కూడా పెట్టింది. అతను దాన్ని సంధి అనుకుని సంబరపడి, మర్నాడు పూలు తెచ్చాడు. ఆమె ఆ వారం సెలవు రోజున కూడా కారు తీసి, కొత్తిమీర కట్ట కోసం రూట్ 46 మీద ఇండియన్ స్టోర్ దాకా వెళ్ళివచ్చింది. ఇంట్లో కొత్తిమీర ఉంది.

అతన్ని ఎక్కువ బాధపెట్టింది మరొకటి. జనవరిలో ఒక ఉదయం ఆమె ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు అతను పక్కనే ఉన్నాడు. ఆరేళ్ళలో తను ఎన్నిసార్లు సర్దినా పోని చిన్న దగ్గు ఒకటి దానికుండేది. అది పోయింది. రోజూ నడవడం వల్ల ఇంజిన్ నునుపెక్కి, మెత్తగా, బలంగా మోగుతోంది. అడుగున తలుపు పట్టీ చివర మాత్రం గోరంత మేర రంగు బుడగలా లేచింది. రెండూ ఒకే రోజు చూశాడు.

“సౌండ్ బావుంది,” అన్నాడు.

“అవునండీ. నడపడానికే చేశారు గదా,” అంది త్రివేణి.

“అడుగు తినేస్తోంది త్రివేణీ. ఇవాళ గోరంత ఉంది. వచ్చే నెలకి చెయ్యంత అవుతుంది. ఒకసారి లోపలికి దిగితే ఇంక ఎవరూ ఏం చెయ్యలేరు.”

“లోపలికి దిగితే అంతే మరి,” అని ఆమె తలుపు వేసుకుంది.

మోహన్ భార్య శ్రీవల్లి మధ్యవర్తిగా వచ్చింది. గుమ్మడికాయ వడియాలు, రెండు డబ్బాల పచ్చళ్ళు తెచ్చి, సోఫా లేని ఆ గదిలో చాప మీద కూర్చుంది. అన్నయ్య చిక్కిపోయాడంది. ఆఫీసులో మాటపడుతున్నాడంది. వాతావరణం యాప్ చూసుకుంటూ కూర్చుంటున్నాడట, మోహన్‌తో మాట్లాడుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట.

“వదినా, కక్ష ఉంటే మనిషి మీద తీర్చుకో. ఆ ఇనుము ఏం చేసింది చెప్పు?”

“మనిషి మీద తీర్చుకుంటే ఆయనకి తెలియదు శ్రీవల్లీ.”

శ్రీవల్లి కాసేపు చాప అంచు పుల్లలు సర్దింది. “పోనీ నీకేం కావాలో చెప్పు. ఏదో ఒకటి అడుగు. ఇప్పిస్తాను.”

త్రివేణికి ఆలోచించాల్సిన అవసరం కనిపించలేదు. “వచ్చే ఆదివారం మీ ఇంట్లో వ్రతం కదా. ఆ అపెండిక్స్ కథ చెప్పమను. నవ్వులాట లేకుండా, అదే మనుషుల ముందు. జరిగింది జరిగినట్టు. చెప్పాక తాళం చేతిలో పెట్టేస్తాను. పేరు కూడా మార్పించేస్తాను.”

“అంతేనా?” అంది శ్రీవల్లి. ఆ సాయంత్రం ఫోన్‌లో శశికాంత్ కూడా అదే మాట అన్నాడు.

వ్రతానికి ముందు మూడు రోజులు వాన కురిసి రోడ్లు కడిగినట్టు అయ్యాయి. ఆదివారం సాయంత్రందాకా ఏమీ పడదని యాప్ చెప్పింది. తాళం అందగానే కారు తనే నడుపుకుంటూ వెళ్ళి గరాజ్‌లో పెట్టుకోవాలని, శశికాంత్ మోహన్ ఇంటికి టాక్సీలో వచ్చాడు. పొడుగాటి నల్ల ఉన్ని కోటు, కింద పట్టు కుర్తా. అందరినీ పేరుపేరునా పలకరించాడు. వాకిట్లో ఆగిన ట్రయంఫ్ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. సత్యనారాయణ వ్రతం ముగిసి, ప్రసాదం పంచి, ఆకులు వేయబోయే ముందు, మోహన్ గొంతు సవరించుకుని మనవాడు రెండు మాటలు చెప్తాడట అన్నాడు. పిల్లల్ని బేస్‌మెంట్‌లోకి పంపారు. మిగతావాళ్ళు కార్పెట్ మీద, సోఫా చేతుల మీద సర్దుకున్నారు. మనీషా కూడా ఉంది. త్రివేణి వంటగది గుమ్మంలో నిలబడింది.

శశికాంత్ బాగానే మొదలుపెట్టాడు. ఇన్నాళ్ళూ నేను ఒక విషయం హాస్యంగా చెప్పాను, అది తప్పు, త్రివేణికి సారీ చెప్పాలి అన్నాడు. కొందరు తలలూపారు. ఇక జరిగింది చెప్పసాగాడు. ఆ రోజు విపరీతమైన చలి. ఉప్పు లారీ ఒకసారి కాదు, రెండుసార్లు వెళ్ళింది. రెండోసారి వెళ్ళినప్పుడు తను కిటికీ దగ్గరున్నాడు. రోడ్డు సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. తియ్యాలనే అనుకున్నాడట. నిజంగా. గరాజ్‌లోకి వెళ్ళాడు, కవరు మూల ఎత్తాడు కూడా. అప్పటికి నెల కిందటే అడుగంతా చేత్తో గీకి రంగు వేయించాడు, రంగు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు, ఆ స్థితిలో ఉప్పు తగిలితే ఏమవుతుందో అక్కడున్నవాళ్ళకి తెలియదు. ఆ మాట చెప్తుంటే అతని గొంతు వణికింది. తన జీవితంలో అంత కష్టమైన నిర్ణయం ఇంకోటి తీసుకోలేదన్నాడు. ఇవాళైతే ఏం చేసేవాణ్ణో అన్నాడు. “ఆవిడ నొప్పి అంది. అంత నొప్పి అని నాకు తెలియదు.”

గదిలో ఒకరిద్దరు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. మోహన్ లేచి అతని వీపు మీద చెయ్యి వేశాడు. అప్పుడు త్రివేణి గుమ్మంలోంచి అడిగింది.

“నేనెక్కడున్నానండీ అప్పుడు?”

“ఎప్పుడు?”

“మీరు కవరు ఎత్తినప్పుడు.”

శశికాంత్ ఆమె వైపు చూసి, పరీక్షలో తేలిక ప్రశ్న వచ్చినట్టు తేరుకున్నాడు. “హాల్లో. సోఫాలో పడుకుని ఉన్నావు. దుప్పటి కప్పాను కదా.”

“సరే,” అంది త్రివేణి.

అందరికీ అది క్షమించినట్టే వినిపించింది. శ్రీవల్లి ఊపిరి వదిలి ఆకులు వేయించింది. ఎవరో ఇక పులిహోర చల్లారిపోతుంది రండి అన్నారు. దివ్యంగా చెప్పాడు, మగవాడై ఉండి అంతమంది ముందు చెప్పడం మాటలా అని ఒక పెద్దాయన త్రివేణికి వినిపించేలా అన్నాడు. భోజనాల మధ్యలో కిటికీ అద్దానికి ఇసుక విసిరినట్టు చప్పుడైంది. మంచు, వాన కలిసి గింజల్లా పడుతోంది. యాప్ చెప్పిన టైముకంటే ముందే మొదలైంది. శశికాంత్ పెరుగన్నం సగంలో వదిలి చెయ్యి కడుక్కున్నాడు.

వాకిట్లో అతను చెయ్యి చాపాడు. “తాళం ఇలా ఇవ్వు. ఇంకా ముదరకముందే చేరిపోవాలి.”

“ఎక్కండి. నేను దింపుతాను.”

“నేను డ్రైవ్ చేస్తాలే.”

“మీరు చలికాలంలో నడపరుగా,” అందామె.

ఇంటి దగ్గర ఇస్తుంది కాబోలు అనుకుని అతను ఎక్కాడు. గుడ్డ టాప్ మీద గింజలు టపటప కొడుతున్నాయి. హీటర్ అంతంతమాత్రం. వైపర్లు సోమరిగా అటూ ఇటూ కదులుతున్నాయి. ఆమె వాటి వేగానికి అలవాటుపడి, అవి తుడిచిన క్షణంలో చూసి, తుడవనప్పుడు గుర్తుమీద నడుపుతోంది. ఆమె అంత బాగా నడుపుతుందని అతనికి అప్పుడే తెలిసింది. రూట్ 46 ఎక్కగానే ముందొక ఉప్పు లారీ కనిపించింది. నారింజ దీపాలు తిప్పుకుంటూ, వెనక గుండ్రటి పళ్ళెం తిరుగుతూ, రోడ్డు మీద ఉప్పు విసురుకుంటూ పోతోంది. త్రివేణి వేగం పెంచి దాని వెనక్కి చేరింది. రాళ్ళు ముందు బంపర్‌కి, బానెట్‌కి, అద్దానికి తగలడం మొదలైంది.

“కొంచెం దూరం ఉంచు,” అన్నాడు. ఆమె ఉంచలేదు. “పక్క లేన్ ఖాళీగా ఉంది త్రివేణీ.”

“చూశాను.”

“మరి పక్కకి పో.”

“తొందరేముంది?”

అతను డాష్‌బోర్డు మీద చెయ్యి వేశాడు. “నేను చెప్పాను కదా. అందరి ముందూ చెప్పాను. ఇంకేం కావాలి నీకు?”

“నేను సోఫాలో లేను,” అందామె రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా. “గరాజ్‌లో ఉన్నాను. మీరు తీస్తారనుకుని నేనే గోడ పట్టుకుని అక్కడిదాకా వచ్చాను. నిలబడలేక చక్రం పక్కన నేల మీద పడుకున్నాను. మీరు ఎత్తిన కవరు మూల నా చేతిలో ఉంది. గట్టిగా పట్టుకుంటే చిరుగుతుందన్నారు. నా వేళ్ళు ఒక్కొక్కటీ మీరే విడదీశారు.”

వైపర్లు నాలుగైదుసార్లు తిరిగాయి. అతను నిజంగా గుర్తుచేసుకోవడానికి ప్రయత్నిస్తున్నాడని ఆమెకు తెలుస్తూనే ఉంది. నుదురు ముడుచుకుని, పెదవి కొరుక్కుని, ఆఫీసు పనిలో పోయినదేదో వెతుకుతున్నప్పుడు ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడు.

“ఏ కవరు?” అన్నాడు చివరికి. “బూడిద రంగుదా? దాని మూల అప్పుడే కదా చిరిగింది.”

ఆమె అంతవరకూ లారీకీ తనకీ మధ్య కొద్దిగా వదిలిన ఎడం కూడా మూసేసింది. ఉప్పు ఇప్పుడు అద్దం మీద గుప్పిళ్ళతో విసిరినట్టు పడుతోంది. శశికాంత్ ప్లీజ్ అన్నాడు. ఇంకోసారి అన్నాడు. ఆమె ఎప్పుడూ వినని సన్నటి గొంతుతో, నన్ను ఏమైనా చెయ్యి, కొట్టు, దీన్ని వదిలెయ్ అన్నాడు. ఆ గొంతు వినగానే త్రివేణికి గరాజ్ నేల మీద తన గొంతు గుర్తొచ్చింది. అదీ దాదాపు ఇలాగే ఉంది.

సిగ్నల్ ఎర్రబడింది. లారీ ఆగింది, పళ్ళెం ఆగింది. ఆమె కూడా దాని వెనకే ఆపింది. శశికాంత్ తలుపు తీసుకుని దిగిపోయాడు. లారీ డ్రైవర్ కిటికీ దగ్గరికి వెళ్ళి చేతులు ఊపుతూ ఏదో చెప్పాడు. డ్రైవర్ కిటికీ దించి, వెనక్కి తిరిగి ట్రయంఫ్‌ని చూసి, బొటనవేలు పైకెత్తి బావుందన్నట్టు నవ్వి, అద్దం పైకి ఎక్కించుకున్నాడు. శశికాంత్ పరుగెత్తుకొచ్చి లారీకీ కారుకీ మధ్య నిలబడ్డాడు. లారీకి వీపు తిప్పి, కోటు గుండీలు విప్పి, రెండు అంచులూ రెండు చేతులతో పట్టుకుని వెడల్పుగా చాపాడు. కారు ముందుభాగం చాలావరకు ఆ కోటు చాటునే ఉంది.

అద్దంలోంచి త్రివేణి అతన్ని చూసింది. జుట్టులో మంచు గింజలు, తడిసిన పట్టు కుర్తా, కాళ్ళ కింద బురద. అతనిలో ఇంత మనిషి ఉన్నాడని ఆమెకు తెలియదు. ఒకరికోసం అతను ఇలా నిలబడగలడు. హారన్ మీద చెయ్యి పెట్టి, మళ్ళీ తీసేసింది.

పచ్చ లైటు పడింది. లారీ కదిలింది, పళ్ళెం తిరిగింది. ఉప్పంతా అతని వీపు మీద, మెడ మీద పడింది. అతను మెడ వంచాడు కానీ చేతులు దించలేదు. వెనక కార్లు హారన్లు కొట్టాయి. శశికాంత్ అద్దంలోంచి ఆమె కళ్ళలోకి చూస్తూ తల అడ్డంగా ఊపాడు. కదలకు, అది దూరం పోనీ అన్నట్టు.

త్రివేణి మొదటి గేరు వేసింది. స్టీరింగ్ పక్కకి తిప్పి, అతని కోటు అంచుకి తగలకుండా చుట్టి వెళ్ళి, మళ్ళీ లారీ వెనక్కి చేరింది. కాసేపటికి లేక్ హయావాథా మలుపు వచ్చింది. ఆమె తిరగలేదు. లారీ ఎంత దూరం వెళ్తే అంత దూరం, అంతే దగ్గరగా నడుపుకుంటూ పోయింది.